మొద్దు చీలకపోతే తప్పు పంపుదేనా?

అమెరికా ఈశాన్య మూలన ఉన్న వెర్మాంట్, మెయిన్ రాష్ట్రాల పల్లెల్లో చలికాలం గడవడానికి ఇప్పటికీ చాలా ఇళ్లు కట్టెల పొయ్యినే నమ్ముకుంటాయి. అక్కడ కట్టెల్ని ‘కార్డ్’ లెక్కన కొలుస్తారు. నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల పొడవున పేర్చిన కుప్ప ఒక కార్డ్, అంటే 128 ఘనపుటడుగులు. కోసిన మొద్దును అలాగే పొయ్యిలో వేస్తే పొగే తప్ప సెగ ఉండదు. నిలువునా చీల్చి, గాలి ఆడేట్టు పేర్చి, తేమ 20 శాతానికి దిగేదాకా నెలల తరబడి ఆరబెట్టాలి. నడుములు పడిపోయేది ఆ చీల్చడం దగ్గరే. నార తిన్నగా ఉన్న చెట్టయితే గొడ్డలికి లొంగుతుంది. ఎల్మ్ లాంటి మెలితిరిగిన కలప గొడ్డలిని పట్టుకుని వదలదు.

అందుకని అక్కడ వెల్డింగు చేతనైనవాళ్లు ఇంటి షెడ్డులోనే కట్టెలు చీల్చే యంత్రం కట్టుకుంటారు. ఒక ఇనుప దూలం, దాని ఒక చివర గొడ్డలి మొనలాంటి వెడ్జి, రెండో చివర హైడ్రాలిక్ సిలిండరు, ఏ పాత సామానులోంచో ఊడదీసిన పెట్రోలు ఇంజను, దానికో పంపు, ఒక ఆయిల్ ట్యాంకు, ఒక లీవరు. లీవరు తోస్తే సిలిండరు రాడ్డు ముందుకొచ్చి మొద్దును వెడ్జి మీదికి నెడుతుంది. మన దగ్గర ఈ యంత్రం పెద్దగా కనిపించదు గానీ లోపలి సరంజామా మనకేమీ కొత్త కాదు. ట్రాక్టరు ట్రాలీని లేపేదీ, టిప్పరు లారీ తొట్టిని ఎత్తేదీ, జేసీబీ చేతిని ఆడించేదీ ఇదే. కాబట్టి వెర్మాంట్ షెడ్డులో మొరాయించిన యంత్రం గురించి చెప్పుకునేదంతా మన ఊరి ట్రాలీ జాకీకీ పనికొస్తుంది.

యంత్రం మొరాయించిందంటే ఎక్కడైనా మొదట వినిపించే మాట ఒకటే: ‘ప్రెషర్ రావట్లేదు, పంపు పోయింది.’ డబ్బు పోసి పంపు మారుస్తారు. చాలాసార్లు కొత్త పంపుతోనూ మొద్దు చీలదు. ఎందుకంటే పంపు పని ప్రెషర్ పుట్టించడం కాదు.

ఈ యంత్రాల్లో ఉండేది గేరు పంపు. పళ్లు కలిసి తిరిగే రెండు చక్రాలు, పళ్ల సందుల్లో పట్టినంత ఆయిల్‌ని ఒక వైపు నుంచి రెండో వైపుకి మోసుకెళ్తాయి. తిరిగిన ప్రతి చుట్టుకీ ఇంత అని ఒక కొలత. అంతే దాని పని. పంపు నోటిని తిన్నగా ట్యాంకులోకి వదిలేసి ప్రెషర్ గేజి చూడండి, ముల్లు దాదాపు సున్నా దగ్గరే ఉంటుంది. ఆయిల్ దారికి ఏదైనా అడ్డం పడితేనే ప్రెషర్ లేస్తుంది, అదీ ఆ అడ్డాన్ని తోయడానికి ఎంత కావాలో అంతే. మెత్తని మొద్దుకి కొంచెం, ముడి పడ్డ మొద్దుకి ఎక్కువ. మరి ఎదురుగా మొద్దు ఉన్నా ముల్లు లేవట్లేదంటే అర్థమేమిటి? ఆయిల్‌కి మొద్దుకంటే తేలికైన దారి ఇంకేదో దొరికింది, అటునుంచి ట్యాంకుకి తిరిగి పోతోంది. రిపేరంటే ఆ దొంగదారిని పట్టుకోవడమే. ‘పంపు బాగుందా?’ అని కాదు, ‘ఆయిల్ ఎటు పోతోంది?’ అని అడగాలి.

అసలు మొద్దును చీల్చే బలం ఎక్కడిదో లెక్క వేసుకుంటే మిగతాది సులువవుతుంది. మూసిన పాత్రలోని ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకూ అంతే తీవ్రతతో పాకుతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ రాశాడు. ఆ గ్రంథం అచ్చయింది 1663లో, ఆయన పోయిన మరుసటి ఏడు. దాన్ని హైడ్రాలిక్ ప్రెస్సు అనే యంత్రంగా మార్చి 1795లో పేటెంటు తీసుకున్నవాడు లండన్‌లో తాళాలు చేసే జోసెఫ్ బ్రామా. ఆయన ప్రెస్సుకి మొదట్నుంచీ ఒకటే తంటా, పిస్టన్ పక్కనుంచి నీళ్లు కారిపోవడం. ప్రెషర్ పెరిగిన కొద్దీ గోడకి తనంతట తానే బిగుసుకునే తోలు కప్పు ఆ తంటాని తీర్చింది. దాని ఘనత బ్రామా దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్‌స్లీకి కట్టబెడతారు. అంటే హైడ్రాలిక్ యంత్రం పుట్టినప్పుడే సీలు సమస్య కూడా పుట్టింది.

ఇంట్లో కట్టుకునే యంత్రాల్లో తరచుగా కనిపించే కొలతలే తీసుకుందాం. సిలిండరు లోపలి వ్యాసం 4 అంగుళాలు, రాడ్డు నడిచే దూరం 24 అంగుళాలు, రాడ్డు మందం 2 అంగుళాలు. పిస్టన్ వైశాల్యం 81 చదరపు సెంటీమీటర్లు. గేజి మీద 2,500 పీఎస్ఐ, అంటే చదరపు సెంటీమీటరుకి 175 కిలోలు ఉందనుకుంటే మొద్దు మీద పడే తోపు 14 టన్నుల పైమాటే. ఇక సిలిండరు పూర్తిగా చాచుకోవడానికి పట్టే ఆయిల్ దాదాపు 5 లీటర్లు. పంపు నిమిషానికి 11 అమెరికన్ గ్యాలన్లు, అంటే 41 లీటర్ల పైచిలుకు ఇస్తుంది. ఆ లెక్కన రాడ్డు బయటికి రావడానికి 7 సెకన్లు, వెనక్కి పోవడానికి 5 సెకన్ల కొంచెం పైన.

ఇక్కడో చిక్కుంది. నిమిషానికి 41 లీటర్లని 175 కిలోల ప్రెషర్‌తో తోయాలంటే 16 హార్స్‌పవర్ కావాలి. షెడ్డులో ఉన్నదేమో అయిదారు హార్స్‌పవర్ల చిన్న ఇంజను. అందుకే ఈ యంత్రాలకి రెండు అంచెల పంపు వాడతారు. ఒకే డబ్బాలో ఒక పెద్ద గేరు జత, ఒక చిన్న గేరు జత ఉంటాయి. రాడ్డు ఖాళీగా నడిచేటప్పుడు రెండూ కలిసి ఆయిల్ ఇస్తాయి. మొద్దు తగిలి ప్రెషర్ సుమారు 45 కిలోలు దాటగానే లోపలి చిన్న వాల్వు తెరుచుకుని పెద్ద జత ఆయిల్‌ని తిప్పి పంపేస్తుంది. ఇక చిన్న జత ఒక్కటే నిమిషానికి 3 గ్యాలన్ల చొప్పున నెమ్మదిగా, పూర్తి బలంతో తోస్తుంది. 45 కిలోల దగ్గర 11 గ్యాలన్లకి పట్టే శక్తీ, 175 కిలోల దగ్గర 3 గ్యాలన్లకి పట్టే శక్తీ ఇంచుమించు ఒకటే, నాలుగు హార్స్‌పవర్ల చిల్లర. నాకు ఈ మొత్తం యంత్రంలో తెలివైన భాగం ఇదేననిపిస్తుంది.

ఇప్పుడు రోగానికి రండి. స్పానరు పట్టుకోబోయే ముందు మూడు విషయాలు తేల్చుకోవాలి. యంత్రం నిదానంగా నడుస్తూ చివరికి చీలుస్తోందా? చకచకా వచ్చి మొద్దు తగలగానే నిలబడిపోతోందా? లేక మొద్దు తగలగానే ఇంజనే ఆగిపోతోందా? మొదటిది ఆయిల్ తగినంత రాకపోవడం. రెండోది వచ్చిన ఆయిల్ దొంగదారి పట్టడం. మూడోది ఇంజను మీద మోయలేనంత భారం. ఈ మూడింటినీ కలిపేసి ‘పవర్ లేదు’ అనేస్తేనే అక్కర్లేని సామాన్లు కొనాల్సి వస్తుంది. కావలసిన పరికరాలు రెండు: చేతి గడియారం, పంపుకీ లీవరు వాల్వుకీ మధ్య టీ వేసి బిగించిన ప్రెషర్ గేజి. సొంతంగా కట్టుకున్న యంత్రాల్లో ఇంజను నుంచి రంగు దాకా అన్నీ ఉంటాయి, గేజి మాత్రం ఉండదు. అది లేకుండా పంపుని తిట్టడం అన్యాయం.

రాడ్డు అసలు కదలనే కదలకపోతే ఇంజనుకీ పంపుకీ మధ్య ఉన్న కప్లింగు చూడండి. ఇంజను ఆపి, కప్లింగు మూత తీసి, తాడు లాగి ఇంజను తిప్పుతూ పంపు షాఫ్టు తిరుగుతోందో లేదో గమనించండి. కీ తెగిపోవడం, కప్లింగులోని రబ్బరు ముక్క అరిగిపోవడం, బిగింపు స్క్రూ వదులవడం మామూలే. ఇంజను హోరెత్తుతుంటే పంపు కదలకుండా కూర్చుంటుంది.

రాడ్డు నిదానంగా నడుస్తుంటే ఖాళీగా చాచి సెకన్లు లెక్కపెట్టండి. ఏడు రావలసినచోట పాతిక దాటుతోందంటే చిన్న గేరు జత ఒక్కటే పనిచేస్తోందని లెక్కే చెబుతోంది. లోపలి వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయి ఉంటుంది. పదీ పన్నెండూ వస్తుంటే ముందు ఇంజను వేగం చూడండి. ఈ పంపుల కొలతలన్నీ నిమిషానికి 3,600 చుట్ల దగ్గర చెప్పినవి, ఇంజను 2,400 దగ్గర తిరుగుతుంటే ఆయిల్ మూడింట రెండు వంతులే వస్తుంది. వేగం సరిగానే ఉంటే ట్యాంకు వైపు తిరగాలి.

సొంతంగా కట్టుకునేవాళ్లు ఎక్కువగా చిన్నచూపు చూసేది ట్యాంకు నుంచి పంపుకి వచ్చే పైపునే. అందులో ప్రెషర్ ఉండదు కదా, ఏదో ఒకటి చాల్లే అనుకుంటారు. పంపు ఆయిల్‌ని లాక్కుంటుందన్న భ్రమ దీనికి మూలం. ద్రవాన్ని లాగడమంటూ ఉండదు. పంపు తన ముందు కాస్త ఖాళీ చేస్తుంది, ట్యాంకులోని ఆయిల్ మీద కూర్చున్న వాతావరణమే దాన్ని అటు నెడుతుంది. ఆ నెట్టే బలం మహా అయితే చదరపు సెంటీమీటరుకి ఒక కిలో. అవతలి వైపు 175 కిలోలు, ఇవతలి వైపు ఒక్కటి. ఆ ఒక్క కిలోని సన్నని పైపు, ముక్కు బిగిసిన జాలీ, నాలుగు ఎల్బోలు, గాలి ఆడని ట్యాంకు మూత పంచుకుంటే పంపుకి మిగిలేదేమీ ఉండదు. ఈ పైపులో ఆయిల్ వేగం సెకనుకి మీటరు అటూ ఇటూ ఉండాలంటారు. మన 41 లీటర్లకి అంగుళంపావు పైపయితే ఆ లోపే ఉంటుంది, అంగుళం పైపు కాస్త మించుతుంది. చేతికందిందని అరంగుళం హోసు బిగిస్తే వేగం సెకనుకి అయిదున్నర మీటర్లకి ఎగబాకుతుంది.

అలా ఆకలితో ఉన్న పంపు లోపల ప్రెషర్ పడిపోయి, ఆయిల్‌లో బుడగలు లేస్తాయి. అవి గేరు దాటి ప్రెషర్ ఉన్న వైపుకి రాగానే ఒక్కసారిగా కుదేలవుతాయి. దీన్నే కేవిటేషన్ అంటారు. ఓడల ప్రొపెల్లర్లు గుంటలు పడి తినేసినట్టు ఎందుకవుతున్నాయన్న ప్రశ్న మీద లార్డ్ రాలీ 1917లో ఇలాంటి బుడగ కూలిపోయేటప్పటి లెక్క కట్టాడు. చివరి క్షణంలో ఆ చిన్న చోట పుట్టే ఒత్తిడి ఇనుముని గిల్లేంత ఉంటుందని తేలింది. పంపులో జరిగేదీ అదే. గులకరాళ్లు రుబ్బుతున్నట్టు చప్పుడొస్తుంది. ఆ చప్పుడు విన్నాక కూడా పని కొనసాగిస్తే, ఇందాకటిదాకా నిర్దోషి అయిన పంపు నిజంగానే పోతుంది.

చలి దీన్ని ఇంకా పెంచుతుంది. ఆయిల్ డబ్బా మీద ఉండే వీజీ 46 అన్న అంకె 40 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఆ ఆయిల్ చిక్కదనం, 46 సెంటీస్టోకులు. మెయిన్ రాష్ట్రంలో జనవరి ఉదయం సున్నాకి పదిహేను డిగ్రీలు కిందికి పోతే అదే ఆయిల్ ఎన్నో రెట్లు చిక్కబడి పైపులో కదలనంటుంది. అందుకే అక్కడివాళ్లు పలచటి వీజీ 32 గానీ, కార్ల ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో పోసే ఆయిల్ గానీ వాడతారు. ఏది పోసినా మొదటి కొన్ని నిమిషాలు ఇంజనుని నిదానంగా తిప్పుతూ లీవరుని మధ్యలో ఉంచి ఆయిల్‌ని తిరగనివ్వాలి. మన ఎండాకాలానికి ఇది తలకిందులు. మరీ పలచటి ఆయిల్ వేడెక్కితే సీళ్ల సందుల్లోంచి జారిపోతుంది.

గాలి చొరబడితే వచ్చే రోగం ఇంకొకటి. ఆయిల్ నలగదు, గాలి నలుగుతుంది. కాబట్టి రాడ్డు జెర్కులు కొడుతూ కదులుతుంది, మొద్దు తగిలితే మెత్తగా కుంగుతుంది, ట్యాంకు మూతలోంచి నురగ పొంగుతుంది. చిత్రమేమిటంటే, పంపుకి వచ్చే పైపులో వదులు జాయింటు ఉంటే ఇంజను నడిచేటప్పుడు చుక్క ఆయిల్ కూడా బయట పడకపోవచ్చు. లోపల ప్రెషర్ బయటికంటే తక్కువ కాబట్టి ఆయిల్ కారదు, గాలి దూరుతుంది. ఒక్కో జాయింటు మీదా మందంగా గ్రీజు పూసుకుంటూ పోండి. ఏ జాయింటు దగ్గర చప్పుడు మారుతుందో అదే దొంగ. తిరిగొచ్చే పైపుని ట్యాంకులో ఆయిల్ మట్టానికి పైన వదిలేసినా ఆయిల్ ధారగా పడి నురగ లేస్తుంది. దాని మూతి ఆయిల్‌లో మునిగి, పంపు పైపుకి దూరంగా ఉండాలి. ఆయిల్ పాలలా తెల్లబడితే అది గాలో నీళ్లో తేల్చుకోవడానికి గాజు సీసాలో పట్టి పక్కన పెట్టండి. గాలయితే కాసేపటికి తేటపడుతుంది. మబ్బుగానే ఉండిపోతే, లేదా అడుగున నీళ్లు చేరితే, ఆయిల్ మార్చక తప్పదు.

వెనక్కి పోయేటప్పుడు మాత్రమే తిప్పలు పెట్టే యంత్రాలున్నాయి. లీవరుని వెనక్కి లాగి వదిలేస్తే రాడ్డు తనంతట తాను పూర్తిగా వెనక్కి వెళ్లి లీవరు మధ్యకి ఎగిరి రావాలి. కొన్నింట్లో దారి మధ్యలోనే ఎగిరిపోతుంది. వాల్వు చెడిందనుకుంటారు, కానీ లెక్క వేరే ఉంది. వెనక్కి పోయేటప్పుడు ఆయిల్ నిండేది రాడ్డు ఉన్న వైపు, అక్కడ రాడ్డు కొంత చోటు ఆక్రమించింది. ఖాళీ అయ్యేదేమో రాడ్డు లేని పూర్తి వైపు. అందువల్ల లోపలికి నిమిషానికి 11 గ్యాలన్లు పోతుంటే బయటికి 14 గ్యాలన్ల పైన వస్తుంది. ఫిల్టరూ, వెనక్కి వచ్చే హోసూ 11కే సరిపడేట్టు కొంటే ఆయిల్ అక్కడ ఎదురు తన్నుతుంది. ఆ ఎదురు ప్రెషర్‌నే వాల్వు ‘రాడ్డు చివరికి వచ్చేసింది’ అని పొరబడి లీవరుని వదిలేస్తుంది. రాడ్డు లావుగా ఉన్న సిలిండరులో ఈ తేడా ఇంకా పెద్దది.

ఇక చకచకా వచ్చి మొద్దు దగ్గర చేతులెత్తేసే యంత్రం సంగతి. రాడ్డుని చివరిదాకా చాచి లీవరుని అలాగే పట్టుకుంటే, ఆయిల్‌కి పోయే చోటు ఉండదు కాబట్టి ముల్లు రిలీఫ్ వాల్వు, అంటే ప్రెషర్ మితిమీరితే ఆయిల్‌ని ట్యాంకుకి వదిలేసే వాల్వు, పెట్టిన హద్దు దాకా లేవాలి. మన ఉదాహరణలో 175 కిలోలు. ఎనభై దగ్గరే ఆగిపోతే అనుమానితులు ముగ్గురు: రిలీఫ్ వాల్వు, పిస్టన్ సీలు, పంపు. నా ఓటు ముందు రిలీఫ్ వాల్వుకే. విప్పి చూస్తే లోపల ఉండేది ఒక స్ప్రింగు, ఒక మొన, ఆ మొన కూర్చునే చిన్న గుండ్రటి పీట. పీట మీద కాస్త నలుసు పడితే చాలు, మొన పూర్తిగా కూర్చోదు, ఆయిల్ ఆ సందులోంచి ట్యాంకుకి జారిపోతుంది. చేత్తో కట్టిన యంత్రంలో ఆ నలుసు చాలాసార్లు జాయింట్లకి చుట్టిన తెల్ల టెఫ్లాన్ టేపు పోగే అయి ఉంటుంది. నీళ్ల కుళాయికి చుట్టినట్టు మరమొదటి నుంచీ చుట్టేస్తే, బిగించేటప్పుడు తెగిన పోగు ఆయిల్‌తో ప్రయాణం కట్టి వాల్వులో దిగుతుంది. ట్యాంకు వెల్డింగు నుసి, డ్రిల్లు రజను కూడా అంతే. లీవరు వాల్వు లోపల అటూ ఇటూ జరిగే స్పూలు కడ్డీకీ దాని చుట్టూ ఉన్న గోడకీ మధ్య సందు కొన్ని మైక్రాన్లే. ట్యాంకుని గుడ్డతో తుడిచేస్తే సరిపోదు.

రిలీఫ్ వాల్వు శుభ్రంగా ఉంటే సిలిండరుని విడదీసి పరీక్షించాలి. ఇంజను ఆపి, లీవరుని అటూ ఇటూ కదిపి లోపలి ప్రెషర్ వదిలించి, సిలిండరుకి పోయే రెండు హోసులూ తీసి, వాల్వు నోళ్లని ఆ ప్రెషర్‌కి తగిన స్టీలు ప్లగ్గులతో మూయండి. ఇంజను వేసి లీవరు తోస్తే ముల్లు పూర్తిగా లేచిందా, దోషి సిలిండరు. లేవలేదా, వాల్వో పంపో. అంతేగాని రిలీఫ్ వాల్వు లేకుండా పంపు నోటికి తిన్నగా ప్లగ్గు కొట్టి పరీక్షించాలని మాత్రం చూడకండి, పంపు బద్దలవుతుంది. పాత సిలిండరుతో ఇంకో మోసం ఉంది. గొట్టం మధ్యలో ఉబ్బి ఉంటే చివర్లో ప్రెషర్ చక్కగా చూపిస్తుంది, మధ్యలో మొద్దు తగిలినప్పుడు జారిపోతుంది.

ప్లగ్గులు దొరక్కపోతే వేడిని అడగండి. ఏ పనీ చెయ్యకుండా సందులోంచి జారిన ఆయిల్ తన శక్తినంతా అక్కడే వేడిగా వదులుతుంది. 175 కిలోల నుంచి సున్నాకి ఒక్కసారి జారితే ఆయిల్ సుమారు పది డిగ్రీలు వేడెక్కుతుంది. యంత్రాన్ని చల్లగా మొదలుపెట్టి, కాసేపు లోడు మీద నడిపి, దూరం నుంచి ఉష్ణోగ్రత చూపే తుపాకీ థర్మామీటరు గురిపెడితే రిలీఫ్ వాల్వు కాలుతోందో, సిలిండరు కాలుతోందో తెలిసిపోతుంది.

మొద్దు తగలగానే ఇంజను ఆగిపోయే యంత్రంలో రెండు అంచెల పంపు మార్పు ఆలస్యంగా జరుగుతోంది. పంపు పక్కనుండే స్క్రూని కొద్దిగా వదులు చేస్తే పెద్ద గేరు జత ముందుగానే తప్పుకుంటుంది. లీవరు ముట్టకముందే ఇంజను మూలుగుతుంటే మాత్రం వాల్వు రకమే తప్పయి ఉండొచ్చు. గేరు పంపుకి, లీవరు మధ్యలో ఉన్నప్పుడు ఆయిల్‌ని ట్యాంకుకి వదిలే ఓపెన్ సెంటర్ వాల్వు కావాలి. పాత సామానులోంచి క్లోజ్డ్ సెంటర్ వాల్వు తెచ్చి బిగిస్తే పంపు రోజంతా రిలీఫ్ వాల్వు మీద తల బాదుకుంటూ ఉంటుంది.

పై సంగతుల్లో దేన్ని మరిచిపోయినా పోయేది డబ్బే, ఇది మాత్రం అలా కాదు. హోసులో ఆయిల్ కారుతోందేమోనని ఎన్నడూ చేత్తో తడిమి చూడకండి. సూది బెజ్జమంత చిల్లులోంచి ఆ ప్రెషర్‌తో వచ్చే ఆయిల్ ధార కంటికి కనపడకపోవచ్చు, చర్మాన్ని మాత్రం చీల్చుకుని లోపలికి పోతుంది. అందుకు 7 కిలోల ప్రెషర్ చాలు. మీ యంత్రంలో ఉన్నది దానికి పాతిక రెట్లు. అట్టముక్క అడ్డం పెట్టి వెతకండి, తడిస్తే తెలుస్తుంది. ఒకవేళ వేలికి తగిలితే గాయం ముల్లు గుచ్చుకున్నంతే ఉంటుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండకపోవచ్చు. లోపల మాత్రం కణజాలం చచ్చిపోతూ ఉంటుంది, ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వస్తుంది. టించరు రాసుకుని ఊరుకోకుండా వెంటనే సర్జను ఉన్న ఆస్పత్రికి వెళ్లండి. వెళ్లాక ‘ఏదో గుచ్చుకుంది’ అనకుండా ‘ప్రెషర్‌తో హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి పోయింది’ అని డాక్టరుకి స్పష్టంగా చెప్పండి.